నా తలమీది నాలుగు మళ్ళు

నా తలమీద వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఈ మాట ఊళ్ళో అందరికీ చెప్పేశాను. కొందరికి రెండుసార్లు చెప్పాను. నిన్న పొద్దున బావి దగ్గర ఎదురైన పక్కచేను రైతు, నేను నోరు తెరవకముందే, "మొలిచినాయిలేప్పా, విన్నాము" అని ఎద్దుల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. ఇక చెప్పడానికి మనిషి మిగల్లేదు. అందుకని కాగితం తీసుకున్నాను.

మరో కారణం కూడా ఉంది. ఇలాంటి మచ్చ రేపు ఇంకొకరి తలమీద కనబడవచ్చు. ముగ్గురు వైద్యులు మూడు మాటలు చెప్పవచ్చు. ఆ మనిషి నాలాగా హడలిపోయి, అన్నం సహించక, పొలంలో గుడిసె వేసుకొని ఒంటరిగా కూర్చోకూడదు. ఏ మందు మంచిదో మాత్రం నేను చెప్పలేను. ఎందుకు చెప్పలేనో చదివితే మీకే తెలుస్తుంది.

నేను బడికి పోయినవాణ్ణి కాను. చిన్నప్పుడు గొర్రెలు కాస్తూ, వీధిబడి గోడ అవతల నిలబడి, లోపలి పిల్లలు అరిచే ఎక్కాలు వినేవాణ్ణి. విన్నవాటిని గొర్రెల మీద ప్రయోగించేవాణ్ణి. పెద్దయ్యాక తాడు, గూటాలు పట్టుకొని చేలు కొలవడం నా అంతట నేనే నేర్చుకున్నాను. వంకర చేనును మూడు మూలల ముక్కలుగా విడగొట్టి కొలిస్తే లెక్క తప్పదని నేనే కనిపెట్టాననుకున్నాను. అది ఎప్పటినుంచో పుస్తకాల్లో ఉందని తెలిసినప్పుడు కొంత దిగులుపడ్డాను. మా చుట్టుపక్కల అన్నదమ్ములు చేను పంచుకోవాలన్నా, కల్లంలో రాశిని భాగాలు వేయాలన్నా, చెరువు నీళ్ళ వంతులు తేలకపోయినా, "లెక్కల తిప్పయ్యను పిలవండి" అంటారు. దేన్ని చూసినా కొలవడం నాకు అలవాటు. ఈ జబ్బులో నన్ను నిలబెట్టింది ఆ అలవాటే, నవ్వులపాలు చేసింది కూడా అదే.

రెండేళ్ళ కిందట ఉగాదికి ముందు మొదలైంది. యుద్ధం మూలంగా కిరసనాయిలుకు చీటీలు వచ్చిన రోజులవి. పండగకు తల బాగుచేయించుకుందామని మా ఇంటి మంగలి నరసింహులు ముందు కూర్చున్నాను. అతను నా తలపాగా విప్పి, కత్తెర చేతిలో పట్టుకొని, ఎంతకీ మొదలుపెట్టలేదు.

"అన్నా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు. "ఎవరి దగ్గరికి పోయినావు?"

"దేనికి?"

"ఈడ నున్నగా గొరిగి ఉండాది. ఇది నా కత్తి కాదు. మా నాయన కాలం నుండి మీ ఇల్లు మాది. ఏటేటా కల్లంలో మా మేర నువ్వే కొలిచి పోస్తావు. మళ్ళ ఇంగొకని కత్తి కింద తల పెట్టినావంటే నాకు కడుపు మండదా?"

నేను ఒట్టేశాను. అతను నమ్మలేదు. నా వేలు పట్టుకొని నడినెత్తికి కాస్త ముందుగా ఆనించాడు. అక్కడ చర్మం అరచేతిలా నున్నగా ఉంది. చుట్టూ వెంట్రుకలు ఎప్పటిలాగే ఉన్నాయి. అంచు ఎంత గుండ్రంగా ఉందంటే, నేను గూటం పాతి తాడు తిప్పి గీసినా అంత చక్కగా రాదు. అప్పుడు నరసింహులు వంగి, వెలుతురుకు తిప్పి చూసి, కత్తెర కింద పెట్టేశాడు.

"తప్పు నాదేలేన్నా. ఇది కత్తి కాదు. పేనుకొరుకుడు."

కంటికి కనబడని పేను ఒకటి కుదుళ్ళు కొరుకుతుందని, అక్కడ ఇక వెంట్రుక నిలవదని మా వైపు నమ్మకం. దానికి అతని దగ్గర మందుంది. గురిగింజల్ని నీళ్ళతో అరగదీసి, గరుకాకుతో మచ్చను ఎర్రబడేదాకా రుద్ది, ఆ గంధం పూశాడు. ఆ రాత్రి తలమీద నిప్పు పెట్టినట్టయింది. తెల్లారేసరికి బొబ్బ లేచింది. పండగనాడు బొబ్బతోనే ఒబ్బట్లు తిన్నాను. గురిగింజ విషమని తర్వాత తెలిసింది. ఈ కాగితం చదివేవారు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఆ గింజను దగ్గరికి రానీయకండి.

అప్పటికి నాకు భయం లేదు. మచ్చ మీద దారం అడ్డంగా పెట్టి కొలిచి ముడి వేసుకున్నాను. ముంగారు వానలు పడేనాటికి మళ్ళీ కొలిస్తే ఆ దారం సగానికే చాలింది. "రెండింతలైందంతే కదా" అన్నది నా భార్య నాగమ్మ. కానీ అడ్డం రెండింతలైతే గుండ్రటి చేను విస్తీర్ణం నాలుగింతలవుతుంది. ఆ సంగతి తెలిసినవాడికి తెలియనివాడికంటే రెండింతల భయం. అంతలో కుడిచెవి పైన ఇంకో మచ్చ కనబడింది.

పావగడలో అప్పుడే కొత్తగా ఇంగ్లీషు వైద్యం పెట్టిన డాక్టరు దగ్గరికి పోయాను. అరుగు నిండా జనం. అందరూ చేతిలోనో ఒళ్ళోనో ఏదో ఒక నొప్పి కనబడేలా కూర్చున్నారు. నాది తలపాగా కింద ఉంది. జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "నీకేమప్పా, ఎద్దు మాదిరి ఉండావు, మమ్మల్ని ముందు పోనీ" అంది. పోనిచ్చాను. ఆమె వెనక ఇంకో ముగ్గురు కూడా పోయారు.

డాక్టరు దీపం దగ్గర పెట్టి చూశాడు. తామర అన్నాడు. పశువుల నుంచి అంటుకుంటుందట. గోధుమరంగు మందు పూసి, మంగలి మందు మానేయమన్నాడు, నా దువ్వెన, తువ్వాలు ఇంట్లో వేరుగా పెట్టమన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాగమ్మ మా ఎద్దులు రెండింటి తలలూ వెతికింది. వాటికి ఒక్క మచ్చా లేదు.

మందు పూసుకుంటూ ఉండగానే ఎడమచెవి పైన మూడోది వచ్చింది. ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే ఎడమ కనుబొమ చివర వేలికి తగల్లేదు. అద్దంలో చూసుకున్నాను. బొమ చివర, ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు, ఖాళీగా ఉంది.

అదే రోజు మంగళవాడ నడిచాను. అక్కడ ఒక నాటువైద్యుడున్నాడు, నాడి చూడటంలో పేరున్నవాడు. నన్ను చాప మీద కూర్చోబెట్టి తల చూసినంతసేపు బాగానే మాట్లాడాడు. కనుబొమ చూశాక కొంచెం వెనక్కి జరిగాడు.

"చాప దిగి కూర్చో తిప్పయ్యా," అన్నాడు.

దిగాను.

"తలమీదిది నేను పట్టించుకోను. బొమ రాలిందంటే అది వెంట్రుకల జబ్బు కాదప్పా. పెద్దరోగం మొదలైండాది."

మా వైపు కుష్ఠును పేరు పెట్టి పిలవరు. ఆయన చేదు నూనె ఒక సీసాలో పోసి ఇచ్చాడు. ఉప్పూ పులుపూ మానేయమన్నాడు. ఇంట్లోవాళ్ళతో కలిసి పడుకోవద్దన్నాడు. సీసాను నా చేతికి ఇవ్వలేదు, నేల మీద పెట్టాడు. మంగళవాడ నుంచి మా ఊరికి దారి నాకు బాగా తెలిసినదే. ఆ రోజు ఎలా వచ్చానో ఇప్పటికీ గుర్తు రాదు.

ఒక చేనును ముగ్గురు కొలిచి మూడు లెక్కలు చెబితే ఏం చేయాలో నాకు తెలుసు. మళ్ళీ కొలవాలి, కుదరకపోతే నడిమి లెక్క తీసుకోవాలి. కానీ పేనుకూ, తామరకూ, పెద్దరోగానికీ నడిమి ఏది? ముగ్గురిలో ఇద్దరు తప్పని తెలుస్తూనే ఉంది. ఆ ఇద్దరెవరో తెలియదు. ముగ్గురూ తప్పు కావచ్చునని మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

మా ఒక్కగానొక్క కూతురు గంగమ్మను నాగలమడికలో ఇచ్చాం. అప్పుడు దానికి తొలి కాన్పు దగ్గరపడుతోంది. దసరా వెళ్ళగానే పుట్టింటికి తీసుకురావాలని నాగమ్మ గది అలికి, నులక మంచం బిగించి, పాత చీరలు మెత్తగా ఉతికి పెట్టుకుంది. వైద్యుడి మాట మంగళవాడ నుంచి నాగలమడికకు నాకంటే వేగంగా నడిచింది. ఒకరోజు మా బీగుడు వెంకటరమణప్ప, అంటే గంగమ్మ మామ, మా వాకిట్లోకి వచ్చాడు. మంచం వేస్తే కూర్చోలేదు.

"బావా, నేను చెప్పేది నీకు బాగుండదు," అన్నాడు.

"చెప్పు బావా."

"మా కోడలు ఈడికి కాన్పుకు రావాలంటే నువ్వు ఈ ఇంట్లో ఉండకూడదు. బిడ్డను ఎత్తుకోకూడదు. లేదా, ఏ పెద్ద డాక్టరన్నా అది కాదని నా ముందర చెప్పల్ల. చెప్తే రేపే బండి కడతాను."

లోపలి నుంచి నాగమ్మ వచ్చింది. వెంకటరమణప్పకు పదేళ్ళుగా నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు.

"అన్నా, నీ తల ఏ డాక్టరు చూసినాడు? నీకు జుట్టు పోతే బట్టతల, మా ఇంటాయనకు పోతే పెద్దరోగమా?"

"నాది వంశంలో ఉండాది చెల్లెలా," అన్నాడు ఆయన తల దించుకొని. "నాకూ ఇట్ల అడగడం బాగలేదు. కడుపులో ఉండే బిడ్డ కోసం వచ్చినాను."

అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వెళుతూ వెళుతూ ఆయన నాగమ్మ చేతిలో చిన్న మూట పెట్టాడు. గంగమ్మ పంపిన విత్తనాలేవో అనుకున్నాను. మర్నాడు నేనే చాప చుట్టుకొని వేరుశనగ చేనుకు పోయి, కాపలా గుడిసెలో కాపురం పెట్టాను. నాగమ్మ రోజూ కూడు తెచ్చేది. ఎవరు ఏ మందు ఇచ్చినా పూసేది ఆమే. నా తల వెనక నాకు కనబడదు కదా.

గుడిసెలో కూర్చొని ఎదురుగా చేను చూస్తుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. అంత దిగులులోనూ లేచి నిలబడ్డాను. ఆ సంవత్సరం గుత్తికాయ విత్తనం కొత్తగా వచ్చింది. దాన్ని నమ్మాలో వద్దో తెలియక, మా వాళ్ళందరూ చేసేట్టే, కొన్ని సాళ్ళు పాత విత్తనం, కొన్ని కొత్తది వేసి, గూటాలు పాతి, కొన్నింటికి ఎరువు కూడా వేయకుండా వదిలాను. ఏది పండుతుందో చేనే చెబుతుంది. మరి తలను ఎందుకు అడగకూడదు? అప్పటికి వెనకవైపు నాలుగో మచ్చ కూడా వచ్చి ఉంది.

నాగమ్మ కూడు దించగానే చెప్పాను. "ఇట్ల చూడు. నేను తూర్పు ముఖంగా కూర్చుంటాను. ముందరిది తూర్పు మడి, నరసింహులుది. గురిగింజ వద్దు, బొబ్బ చూసినాక ఉల్లిగడ్డ రసం పూయమని చెప్పినాడు గదా, అది. కుడిచెవి పైది దక్షిణం మడి, పావగడ డాక్టరుది. ఎడమది ఉత్తరం మడి, వైద్యునిది, చేదు నూనె. వెనకది పడమటి మడి. దానికేమీ పూయవద్దు. అది బీడు."

"నీ తల చేను కాదు."

"రాళ్ళు లేవు, అంతే తేడా."

"ఒకరి మందే అన్నిటికీ పూస్తే ఏమైతాది?"

"వెంట్రుక వస్తే ఆ మందుతో వచ్చిందని ఎట్ల తెలుస్తాది? దానంతట అదే వచ్చిందేమో. బీడు లేకుంటే లెక్క లేదు."

ఆమె ఉల్లిగడ్డ కోస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, "బీడంట" అంది. కానీ చెప్పినట్టే చేసింది. ఒక వేలితో రసం, ఒక పుల్లతో గోధుమరంగు మందు, ఒక గుడ్డతో నూనె. ఒకదానిది ఇంకోదాని గట్టు దాటకుండా పూసేది. అటువైపు వచ్చిన గొర్రెలకాపరులు నా తల చూసి దారి మార్చుకున్నారు. పెద్దరోగానికి భయపడ్డారో, రంగులకో నాకు తెలియదు. చేదు నూనె పూసేటప్పుడు మాత్రం నాగమ్మ చేయి బరువుగా పడేది. ఆ మడిలో ఒక్క వెంట్రుక మొలిచినా వైద్యుడి మాట నిజమవుతుందని ఆమె భయం. నా భయమూ అదే. నా తలమీద వెంట్రుక మొలవకూడదని నేను కోరుకున్న చోటు అదొక్కటే.

దసరా దగ్గరపడింది. మళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు. గంగమ్మ అక్కడ, నేను ఇక్కడ. ఇక ఆగలేక తుమకూరు పెద్దాసుపత్రికి పోతానని బీగుడికి కబురు పెట్టాను. డాక్టరు తన ముందు చెప్పాలన్నాడు కదా, ఆయనే వచ్చాడు.

అప్పటి బస్సు బొగ్గుతో నడిచేది. మధుగిరి దగ్గర ఎత్తు ఎక్కలేక నిలిచిపోతే అందరం దిగి తోశాం. వెంకటరమణప్ప బస్సులో నాకు దూరంగా కూర్చున్నాడు. తోసేటప్పుడు మాత్రం పక్కపక్కనే ఉన్నాం. "బలంగా తొయ్యి బావా," అన్నాడు, "నీకు రోగం ఉన్నట్టే లేదు." అని నాలుక కరుచుకున్నాడు.

ఆసుపత్రి నడవలో బెంచీల మీద చోటు లేదు. ఒకాయన రెండు చేతులూ గుడ్డలో చుట్టుకొని చివరి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన పక్కన ఎంతో చోటు ఖాళీగా ఉంది. నన్ను చూశాడు, నా కనుబొమ చూశాడు, ఇంకొంచెం జరిగాడు. ఇక్కడ నిన్నెవరూ లేవమనరు, కూర్చో అని కన్నడంలో అన్నాడు. నేను కాసేపు నిలబడే ఉన్నాను. తర్వాత సిగ్గేసి కూర్చున్నాను. ఆయన తన ఊరివాణ్ణి అడిగినట్టే మా ఊరి వానల సంగతి అడిగాడు. ఇద్దరం జొన్నల గురించి మాట్లాడుకున్నాం. మంగళవాడ నుంచి వచ్చాక నాతో మామూలుగా మాట్లాడిన పరాయి మనిషి ఆయనొక్కడే.

లోపలికి పిలిచారు. డాక్టరు మైసూరు వైపు మనిషి, కళ్ళద్దాల వెనక నిద్ర చాలని కళ్ళు. నేను తలపాగా తీయగానే ఆ నిద్ర ఎగిరిపోయింది.

"ఇదేమిటి, ఒక్కో చోట ఒక్కో రంగు?" అన్నాడు.

నాకు వచ్చిన కన్నడంలో చెప్పాను. తూర్పు మడి మంగలిది, దక్షిణం మడి ఇంగ్లీషు మందు, ఉత్తరం మడి నాటువైద్యం, పడమర బీడు. ఆయన లేచి వెళ్ళి పక్కగదిలోంచి ఇంకో డాక్టర్ని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ నవ్వుతూ నా చుట్టూ తిరిగారు. వెంకటరమణప్ప గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత డాక్టరు నవ్వు ఆపి, నా కళ్ళకు తువ్వాలు కట్టించాడు. దూదితో తాకుతానని, ఎక్కడ తాకితే అక్కడ చెప్పమని అన్నాడు. పెద్దరోగమైతే ఆ చోట స్పర్శ ఉండదట. దూది తగిలింది, చీమ నడిచినట్టు.

"దక్షిణం మడి, నడుమ," అన్నాను.

మళ్ళీ తగిలింది.

"ఉత్తరం మడి, చెవి వైపు."

కనుబొమ మీద. "ఎడమ బొమ, రాలిన చోటే." చేతుల మీద, పాదాల మీద. అన్నీ చెప్పాను. చాలాసేపు ఏమీ తగల్లేదు. తర్వాత వెనకవైపు, ఉందో లేదో అన్నంత సన్నగా ఏదో కదిలింది.

"బీడు. ఉత్తరపు గట్టున," అన్నాను.

డాక్టరు తువ్వాలు విప్పాడు. నా తల వంచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, దగ్గరగా చూశాడు.

"ఏనూ ఇల్ల," అన్నాడు. ఏమీ లేదట. పెద్దరోగం కాదు, తామరా కాదు. ఇలా గుండ్రంగా రాలడం ఒక జబ్బే, ఒంటికి ప్రమాదం లేదు, అంటుకోదు. దీనికి ఇదే మందని ఎవరూ గట్టిగా చెప్పలేరు, వస్తే తిరిగి వస్తుంది, రాకపోతే రాదు, ఊరికే తలను కాల్చుకోవద్దు అన్నాడు. "ఇన్నేనూ హచ్చబేడి," అని మళ్ళీ చెప్పాడు, ఇక ఏమీ పూయవద్దని. అని, నా వేలు పట్టుకొని తల వెనక ఆనించాడు.

ఉగాదికి ముందు నరసింహులు అలాగే నా వేలు పట్టుకున్నాడు. అప్పుడు నున్నగా ఉండింది. ఇప్పుడు అక్కడ నూగు ఉంది. లేత కంకి మీద ఉన్నట్టు, మెత్తగా ఉంది. బీడులో మొలిచింది.

"బావా, రా, ఇట్ల రా, పట్టుకొని చూడు," అని నేను అరిచాను. ఆసుపత్రిలో అరవకూడదని గుర్తులేదు.

వెంకటరమణప్ప వచ్చాడు. మంచం వేసినా కూర్చోని మనిషి, బస్సులో దూరంగా కూర్చున్న మనిషి, తన చేతిని నా తలమీద పెట్టాడు. వేలితో కాదు, అరచేయి మొత్తం పెట్టాడు. అలాగే ఉంచి, "ఉండాది బావా, ఉండాది," అన్నాడు.

బయటికి వస్తూ బెంచీ మీది ఆయనతో ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. ఆయనే నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. "హోగి బన్ని," అన్నాడు, సంతోషంగా వెళ్ళిరమ్మన్నట్టు. నా సంతోషంలో ఒక్క ముక్కైనా ఆయనకు ఇవ్వగలిగితే బాగుండునని బస్సు మధుగిరి దాటేదాకా అనుకున్నాను.

అన్న మాట ప్రకారం వెంకటరమణప్ప బండి కట్టాడు. గంగమ్మ దిగగానే నా తలపాగా లాగేసి, తల నాలుగువైపులా చూసి, "నాయినా, వీధి ముగ్గు మాదిరి ఉండావు" అని నవ్వుతూ ఏడ్చింది. ఆ సాయంత్రం అందరం వాకిట్లో కూర్చున్నప్పుడు నేను నా లెక్క బయటపెట్టాను. మూడు మళ్ళకు మూడు మందులు, మూడూ ఎండిపోయాయి. ఏమీ వేయని మడిలో మొలిచింది. కాబట్టి ఏ మందూ వద్దు, బీడే గెలిచింది.

మామాకోడళ్ళు ముఖాలు చూసుకున్నారు. నాగమ్మ తమలపాకు ఈనె తీస్తూ, "బీడు కాదు," అంది.

"బీడు కాక?"

"గంగమ్మ పంపిన పుట్టమన్ను పూసినాను. నాగలమడిక గుడిలోని సుబ్బరాయునిది. ఈయన మూటగట్టి తెచ్చిచ్చినాడు గదా."

నేను బీగుడి వైపు చూశాను. ఆయన తన బట్టతల తడుముకున్నాడు. "కోడలు ఇమ్మనింది బావా. నేను ఎట్ల కాదనేది?"

"రోజూ పూసినావా?" అని నాగమ్మను అడిగాను.

"రోజూ. తల తుడిచేటప్పుడే. నీకు వెనక కనపడదు గదా."

"నా లెక్కంతా చెడగొట్టినావు గదే!"

"యాడ చెడగొట్టినాను? అన్నిటికీ పూస్తే నీ లెక్క చెడుతాదనే గదా ఆ ఒక్కదానికే పూసింది? నువ్వు ఖాళీగా పెట్టిన చోటు. పక్కమళ్ళలోకి ఒక్క రవ్వ పోనీలేదు. అడుగు, ఏ గట్టన్నా దాటిందేమో."

దాటలేదు. అంత జాగ్రత్తగా ఏ కొలతగాడూ పని చేయడు. నేను కోపం తెచ్చుకోవాలని చూశాను, నోట్లోంచి నవ్వు వచ్చింది. అందరూ నవ్వారు. గంగమ్మ కడుపు పట్టుకొని, చాలించు నాయినా, బిడ్డ కదులుతున్నాడంది.

మందులన్నీ మానేశాను. కార్తీకంలో మనవడు పుట్టాడు. వాణ్ణి మొదట ఎత్తుకున్న మగవాణ్ణి నేనే, వెంకటరమణప్పే నాగమ్మ చేత నా చేతుల్లో పెట్టించాడు. చలికాలమంతా మచ్చలు ఒకదాని తర్వాత ఒకటి పూడుతూ వచ్చాయి. నడుమ నూగు లేచి అంచుకు పాకేది. అడ్డం రెండింతలైతే విస్తీర్ణం నాలుగింతలని అప్పుడు కూడా గుర్తొచ్చింది, కానీ ఈసారి గుర్తొస్తే పాట పాడబుద్ధయింది. తూర్పు మడి మొలిచిన రోజున నరసింహులు ఉల్లిగడ్డ గొప్పతనం ఊరంతా చెప్పుకున్నాడు. దక్షిణం మడి మొలిచిందని విన్న పావగడ డాక్టరు, తామర అలాగే నయమవుతుందన్నాడట. మంగళవాడ వైద్యుడు మాత్రం తనే మా ఊరికి వచ్చి, నా ఎడమ బొమ చూసి, చాప మీద నా పక్కనే కూర్చున్నాడు. తన నూనె వల్లే రోగం వెనక్కి మళ్ళిందన్నాడు. నేను వాదించలేదు. ఎవరి మాటా తప్పని చూపించడానికి నా దగ్గర బీడు లేదు.

మనవడి పుట్టువెంట్రుకలు పదకొండో నెలలో నాగలమడిక గుడిలో తీయించాం. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని, వాడి తర్వాత నేనూ తల ఇచ్చాను. నాగమ్మ మొక్కుకుందట, ఆ సంగతీ నాకు అప్పుడే తెలిసింది. కత్తి ఆడుతున్నంతసేపూ, మళ్ళీ మచ్చలతోనే మొలిస్తే ఎట్లా అని లోపల భయమే. నల్లవీ తెల్లవీ ఒకే తట్టలో పడ్డాయి. ఎవరివి ఎన్నో విడదీయమని ఎవరూ అడగలేదు, నేనూ విడదీయలేదు.

ఇప్పుడు మొలుస్తున్నాయని మొదట చెప్పింది ఆ గుండు మీది వెంట్రుకలే. ఎక్కడా ఖాళీ లేకుండా, గట్లు కనబడకుండా, ఒకే చేనుగా.

మొన్న గంగమ్మ వచ్చి ఉన్నప్పుడు మనవణ్ణి మూపు మీద ఎక్కించుకొని వాకిట్లో తిరుగుతున్నాను. వాడు చేతికి ఏది దొరికినా వదలడు. జారిపోతున్నాననుకున్నాడేమో, నా తల వెనక గుప్పిట నిండా పట్టుకొని గట్టిగా లాగాడు. నేను కేకపెట్టాను. నాగమ్మ చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? యాడ నొప్పి?"

"బీడులో," అన్నాను. "ఉత్తరపు గట్టున."

వాడు ఇంకా వదల్లేదు. వదిలించవద్దని నాగమ్మకు చేత్తో సైగ చేశాను.